అక్క వెనక నడిచిన డ్రమ్ములు

కీబోర్డు తమ్ముడికి ఆ పేరు అక్క వల్ల వచ్చింది. ఆవిడ మేడ మీంచి పిలిచే పిలుపుకి వీధి వీధంతా అలవాటు పడిపోయి, అతని కంటే చిన్నవాళ్లు కూడా తమ్ముడనే అంటారు. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించడం అతని పని. అక్కడ పాట ఎవరికీ పట్టదు. దగ్గరికొచ్చి భోజనాలెటు అని మాత్రం అడుగుతారు. అందుకే టైర్ల కొట్టు మీద చిన్న గది అద్దెకు తీసుకుని, కిటికీకి పాత పరుపు బిగించి, రికార్డింగు గది అని బోర్డు పెట్టాడు. ఇక్కడైనా జనం నోరు మూసుకుని వింటారని ఆశ.

ఆ గదిలో పాత డిజిటల్ రికార్డరు ఉంది. అందులో అక్క పాట ఉంది. గొంతుకి ఆపరేషను కాకముందు పాడింది. ఇప్పుడామె మాటే గరగరలాడుతుంది, పాట రాదు. మిగిలింది ఆ ఒక్కటే. దానికి కంప్యూటర్లో డ్రమ్ములు, వేణువు చేర్చి వినిపిస్తానని తమ్ముడు మాటిచ్చాడు. మాటివ్వడంలో అతణ్ని మించినవాడు లేడు.

అక్కను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, రికార్డర్నీ కంప్యూటర్నీ కలపడానికి మిడి తీగ వేశాడు. ఆ తీగలో పాట పోదు, కబురు పోతుంది: మొదలెట్టు, ఆగు, ఇంతదాకా వచ్చాం అని. కంప్యూటర్ని పెద్ద చేసి, రికార్డర్ని దాని మాట వినమన్నాడు. రెండూ ఒకేసారి కదిలాయి. పల్లవి బాగానే సాగింది. చరణంలోకి వచ్చేసరికి డ్రమ్ములు ముందుకు పరుగెత్తాయి, అక్క వెనకబడింది.

"ఏమిట్రా ఇది? నన్నెవరో జుట్టు పట్టి ఈడ్చుకుపోతున్నట్టుంది!"

"నువ్వే తాళం తప్పావక్కా. చెవిలో టిక్కు టిక్కు పెట్టుకుని పాడమంటే విన్నావా?"

"గడియారానికి భయపడుతూ ఎవరైనా పాడతారా? ఒరే, డ్రమ్ములు మళ్లీ వాయించుకోవచ్చు. నేను మళ్లీ పాడలేను. కుదరకపోతే వదిలెయ్. నా పాట ఇలా చెడిపోతే వినలేను." అక్క సంచీ అందుకుంది.

చిన్నప్పట్నుంచీ వాళ్ల తగువంతా ఇదే, ఎవరి వెనక ఎవరు రావాలని. తమ్ముడు బతిమాలి ఆమెను కూర్చోబెట్టి, తీగ పీకి ఇటుది అటు పెట్టాడు. ఇప్పుడు రికార్డరే పెద్ద. అయితే అది ఎంతసేపైందో చెబుతుందే గాని, తాళం ఎక్కడ పడుతుందో చెప్పదు.

"నీ పాట వింటూ ఈ మీట మీద తాళం వెయ్యక్కా. కంప్యూటరు దాన్నే పట్టుకుని నడుస్తుంది."

అక్క కళ్లు మూసుకుని వేలితో కొట్టింది. చరణం మధ్యలో వేలు గాల్లోనే నిలబడిపోయింది. కాసేపటికి గాని దిగలేదు.

"ఆగావేం?"

"పాటలో ఆగాను కదరా. ఆవేళ రికార్డు చేస్తుండగా తుమ్మొస్తుంటే నువ్వు ముక్కు మూసుకుని, బుగ్గలు పూరించి, కళ్లు మిటకరించావు. నవ్వాపుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తాళం తప్పింది నేనా?"

తమ్ముడు పాట మొదట్నుంచి పెట్టాడు. పల్లవి అయింది. చరణం మధ్యలో డ్రమ్ములు ఆగాయి. అక్క ఊపిరి తీసుకునేదాకా ఓపిగ్గా నిలబడి, ఆమె పాట అందుకోగానే మెల్లగా కలిశాయి. కింద టైర్ల కొట్లో సుత్తి మాత్రం ఎవరి మాటా వినలేదు.

అక్క సంచీ కింద పెట్టింది.

"ఇంకోసారి పెట్టు. ఆ కొట్టువాణ్ని కాసేపు ఆగమను."