అదే మూలన మొదటి నక్షత్రం

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. నా పనే లెక్కలు. విశ్వంలో మొట్టమొదటి నక్షత్రాలు ఎలా పుట్టాయో సూపర్ కంప్యూటర్ మీద లెక్కగట్టి చూస్తాం. యంత్రం ఎక్కడో ఉంటుంది. తెనాలిలో మా ఇంట్లో కూర్చునే దానికి పని అప్పజెబుతాను.

ఆ ప్రోగ్రాం రాసింది స్వర్ణ. రేపల్లె పిల్ల. వాళ్లమ్మ చేపలమ్ముతుంది. బాపట్లలో చదువుకునేటప్పుడు నాకు ఒక ఏడాది వెనక ఉండేది, అక్కా అని పిలిచేది. ఏళ్ల తరబడి కష్టపడి రాసింది. జబ్బు చేసి సెలవు పెట్టేసరికి మా గైడ్ సార్ మేం రాస్తున్న పరిశోధన పత్రంలోంచి ఆమె పేరు కొట్టేశారు. మధ్యలో వదిలేసినవాళ్లకి పేరెందుకన్నారు. నేను గట్టిగా అడిగితే నీ పేరూ తీసేస్తానన్నారు. ఆసుపత్రిలో ఈ సంగతి విని స్వర్ణ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వారమే పోయింది.

మా లెక్క ఇలా ఉంటుంది. విశ్వం మొదట్లో ఉన్న వాయువుని ఒక పెద్ద పెట్టెలో నింపినట్టు అనుకోండి. మొదలుపెట్టే అంకె మారిస్తే వాయువు ఇంకోలా ముద్దకడుతుంది, తొలి నక్షత్రం ఇంకోచోట వెలుగుతుంది. ప్రతిసారీ చోటు మారాలి.

స్వర్ణ పోయాక మారలేదు. ఆమె చివరిసారి నడిపినప్పుడు ఎక్కడ వెలిగిందో, కింద ఎడమ మూలన, సరిగ్గా అక్కడే వెలిగింది. అంకె మార్చడం మరిచానేమోనని చూశాను. మార్చే ఉంది. మిగతా నక్షత్రాలన్నీ వేరే చోట్లకి జరిగాయి. అదొక్కటే కదల్లేదు. ఇంకో యంత్రం మీద నడిపించాను. అదే మూల. పట్టపగలు, పక్కింట్లో మిక్సీ తిరుగుతుండగా, లేచి వెళ్లి లైటు వేశాను.

సార్‌కి చూపించాను. యంత్రంలో ఏదో లోపం, పక్కన పెట్టేయమన్నారు. పాత ఫలితాలతోనే పత్రం అచ్చయింది.

అచ్చయితే ఒకటి తెచ్చిపెట్టమని స్వర్ణ వాళ్లమ్మ ముందే అడిగింది. తీసుకుని రేపల్లె వెళ్లాను. ఆమెకి చదువు రాదు. కాగితం మీద చేత్తో నిమురుతూ, "మా అమ్మాయి పేరు ఎక్కడుందమ్మా?" అంది.

"లేదండి పిన్నిగారూ. తీసేశారు."

ఆమె ఏడవలేదు. కాగితం మడిచి నాకిచ్చేసింది. ఉండబట్టలేక ఆ నక్షత్రం సంగతి చెప్పి, ఫోన్లో దాని బొమ్మ చూపించాను.

"ఇంకా అక్కడే వెలుగుతోందా?"

"వెలుగుతోందండి."

మర్నాడు తెనాలిలో మళ్లీ నడిపాను. నక్షత్రం ఇంకెక్కడో వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా ఆ మూల చీకటిగానే ఉంది. ప్రోగ్రాంలో నేను ఒక్క అక్షరం మార్చలేదు. లోపం దానంతటదే పోయిందని సార్ సంతోషించారు. అప్పుడెందుకు వెలిగిందో, ఇప్పుడెందుకు మానేసిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

వాళ్లమ్మకి ఈ మాట ఇంకా చెప్పలేదు.