గోడకు అటువైపు ఉద్యోగం

మయూర్ విహార్ నుంచి గ్రేటర్ నోయిడా వెళ్ళదలచినవారు ఉదయం ఎనిమిదిలోపే మెట్రో ఎక్కడం మంచిది. ఆ తరువాతైతే మనం ఎక్కనక్కర్లేదు, వెనకున్నవాళ్ళే ఎక్కించేస్తారు. ఆ రోజు నన్ను అలాగే ఎక్కించారు. ఆలస్యానికి కారణం శ్రీకాంత్ ఫోను. శ్రీకాంత్‌ది గుంటూరు. గ్రేటర్ నోయిడాలో సెల్‌ఫోన్లకు ప్లాస్టిక్ భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో హెచ్.ఆర్. మేనేజరు.

"మేడమ్, చిన్న ఇష్యూ. మన కిమ్ గారిని ఇవాళ మధ్యాహ్నం విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి రమ్మన్నారు."

"చిన్నదైతే నాకెందుకు చేశారు?"

"అదే మేడమ్... కొంచెం పెద్దదే."

రైలెక్కాక కూడా తెగని ఆ ఫోనులో నా తెలుగు విని, దగ్గర్లో సీటులో ఉన్నావిడ సర్దుకుని చోటిచ్చింది. కడప వైపు మనిషి. భర్త సైన్యంలో పనిచేస్తాడట, కంటోన్మెంట్‌లో క్వార్టర్సు. నేను వీసాల లాయర్నని తెలియగానే ఆవిడ ముఖం వెలిగింది.

"మా మరిదిని కెనడా పంపిస్తావా అమ్మా?"

"నేను పంపించే లాయర్ని కాదు ఆంటీ. విదేశాల నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చేవాళ్ళ కాగితాలు చూస్తాను."

"ఈడికా? ఉద్యోగానికా?" ఆవిడ నా వైపు జాలిగా తిరిగింది. "పాపం, వాళ్ళ ఊర్లో పన్లు లేవా?"

నా వృత్తి గురించి ఇంత సూటి ప్రశ్న మా బంధువులు కూడా వేయలేదు. కటవారియా సరాయ్‌లో అద్దె గదిలో కూర్చుని, ఈ దేశాన్ని పాలిద్దామని ఏళ్ళ తరబడి సివిల్స్‌కి చదివినదాన్ని నేను. దేశం ఒప్పుకోలేదు. లా పూర్తిచేసి ఒక సీనియర్ దగ్గర చేరితే, ఆఫీసులో ఎవరూ ముట్టుకోని ఫైళ్ళు నా బల్ల మీద పెట్టారు. అవన్నీ విదేశీ ఉద్యోగులవి. అలా నేను నిపుణురాలినయ్యాను. నా తోటివాళ్ళు హైకోర్టులో న్యాయమూర్తులతో వాదిస్తుంటే, నేను అప్‌లోడ్ కానని మొండికేసే ఫొటోలతో వాదిస్తుంటాను. తీర్పు మాత్రం ఎప్పుడూ ఫొటో వైపే వస్తుంది.

నోయిడా సెక్టార్ 52లో దిగి, ఎత్తు మీద కట్టిన నడక దారిలో సెక్టార్ 51కి వెళ్ళి ఇంకో లైను పట్టుకోవాలి. ఆ లైనులో జనం తక్కువ, కిటికీలు శుభ్రం. కట్టడం సగంలో ఆగిన అపార్టుమెంట్లను కూర్చుని తీరిగ్గా చూడొచ్చు. చివర్లో ఈ-రిక్షా ఎక్కితే ఫ్యాక్టరీ. కుదుపులకు తిన్నది పైకొస్తుంది కనుక టిఫిను ముందే తినెయ్యడం క్షేమం కాదు.

శ్రీకాంత్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. విషయమిది. కిమ్ గారు కొరియా నుంచి వచ్చిన, ప్లాస్టిక్ పోతపోసే అచ్చుల ఇంజనీరు. ఆయన వీసా ఈ కంపెనీకి మాత్రమే చెల్లుతుంది. పక్క స్థలంలో యాజమాన్యం ఒక అనుబంధ కంపెనీ పెట్టి, కొత్త యంత్రం తెచ్చి, నడపమని ఆయన్ను అక్కడికి పంపింది. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. ఇటు పనిచేస్తే ఇంజనీరు, అటు పనిచేస్తే చట్టాన్ని ఉల్లంఘించినవాడు. ముందుగా అనుమతి అడిగి ఉంటే వచ్చేది. ఎవరూ అడగలేదు. పైగా ఆయన్ను ఆ కొత్త యంత్రం పక్కన నిలబెట్టి ఫొటో తీసి, కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. ఆ ఫొటో వీసా ఆఫీసులో ఎవరి కంటనో పడింది.

"ఫొటో పెట్టమన్నది ఎవరు?"

"నేనే మేడమ్. బాగా లైకులు వచ్చాయి." గొంతు తగ్గించాడు. "మీరొక మాట రాసివ్వండి. కిమ్ గారు అటు టీ తాగడానికి వెళ్తుంటారని."

"చేతికి గ్లౌజులు, తలకి హెల్మెట్ పెట్టుకుని టీ తాగుతారా?"

"సేఫ్టీ మేడమ్."

అబద్ధం రాసిస్తే ఇవాళ్టికి గడుస్తుంది. బయటపడితే కిమ్ గారిని దేశం వదలమంటారు, నా సంతకానికి విలువ పోతుంది. నేను రాయనన్నాను. ఉన్నదున్నట్టు ఒప్పుకుని, క్షమాపణతో పాటు అనుమతికి దరఖాస్తు పెడితేనే వెంట వస్తానన్నాను. శ్రీకాంత్ తన డైరెక్టరుతో మాట్లాడి వచ్చాడు. "సరేనన్నారు మేడమ్. వచ్చే ఏడాది వేరే లాయర్ని చూడమన్నారు." వృత్తిలో ఇలాంటి ప్రశంసలు అప్పుడప్పుడు దొరుకుతుంటాయి.

క్యాంటీన్‌లో రాజ్మా, అన్నం తిని కంపెనీ కారెక్కాం. దారిలో వాళ్ళ ఫ్లాటు దగ్గర కిమ్ గారి భార్య సూజిన్ ఎక్కింది. ఆవిడకు నెలలు నిండాయి. విమానం ఎక్కకూడదని డాక్టరు చెప్పేసింది. కూరగాయల బండివాళ్ళతో మాట్లాడి నేర్చుకున్న హిందీ ఆవిడది, భర్త హిందీ కంటే ఎంతో నయం.

"దీదీ, ఘర్ జానా పడేగా?" అంది. ఇంటికి, అంటే కొరియాకి, వెళ్ళిపోవాలా అని. నాకు తెలియదన్నాను. ఆ ఒక్క మాటా నేను రుసుము తీసుకోకుండా చెప్పింది. ఎక్స్‌ప్రెస్‌వే పొడుగునా ఆవిడ రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి.

దక్షిణ ఢిల్లీలోని ఆ ఆఫీసులో ఇప్పుడు అంతా ఆన్‌లైనే. అంటే, దరఖాస్తు ఇంట్లో కూర్చుని పెట్టుకోవచ్చు, తరువాత మనిషి వచ్చి క్యూలో కూర్చోవచ్చు. వెళ్ళేవారు నీళ్ళసీసా, ఓపిక వెంట తీసుకెళ్ళాలి. లోపల రెండూ అమ్మరు.

నాలుగు దాటాక పిలిచారు. అధికారి నడివయసు స్త్రీ. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపి, నేరుగా కిమ్ గారినే అడిగింది. "ఆప్ కహాఁ కామ్ కర్తే హైఁ?"

ఎక్కడ పనిచేస్తున్నారు అని. శ్రీకాంత్ గొంతు సవరించుకున్నాడు. పాత ప్లాంటు పేరు ఒక్కటే చెప్పమని పొద్దున వల్లె వేయించాడని నాకప్పుడు అర్థమైంది. కిమ్ గారు అతని వైపు చూశారు, భార్య వైపు చూశారు, లేచి నిలబడ్డారు.

"దీవార్ కే ఇధర్ భీ, ఉధర్ భీ," అన్నారు. గోడకు ఇటూ, అటూ. "బాస్ బోలా, మైఁ గయా. గల్తీ హై తో సారీ." బాస్ పంపాడు, వెళ్ళాను, తప్పైతే క్షమించండి అని. నడుము వంచి నమస్కరించి, అలాగే ఉండిపోయారు.

నేను ఫైలు అధికారి బల్ల మీద పెట్టాను. కంపెనీ క్షమాపణ, అనుమతి దరఖాస్తు, డాక్టరు సర్టిఫికెట్ అందులోనే ఉన్నాయి. అధికారి అన్నీ చదివింది. "బైఠియే," కూర్చోండి అంది ముందు కిమ్ గారితో. తరువాత శ్రీకాంత్ వైపు తిరిగి, చదువుకున్నవాళ్ళు ఇలా చేయొచ్చా అని తీరిగ్గా, వివరంగా అడిగింది. జరిమానా కంపెనీ కట్టాలి. అనుమతి వచ్చేదాకా కిమ్ గారు గోడకు ఇటువైపే ఉండాలి. దేశంలో ఉండడానికి మాత్రం గడువు పొడిగించింది.

బయటికి వచ్చాక సూజిన్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. కిమ్ గారు ఆవిడ బూట్ల లేసులు విప్పి, మళ్ళీ కట్టారు. అవి బాగానే ఉన్నాయి. చేతులకు ఏదో పని కావాలి కదా.

వాళ్ళను కారులో పంపేసి, భికాజీ కామా ప్లేస్‌లో పింక్ లైను ఎక్కాను. ఇక్కడినుంచి మయూర్ విహార్‌కు బండి మారనక్కర్లేదు. కానీ సరోజినీ నగర్‌లో సంచులు ముందు, మనుషులు తరువాత ఎక్కుతారు కనుక తలుపు దగ్గర నిలబడకండి. ఐ.ఎన్.ఎ. స్టేషను దాటేసరికి సీటు దొరికింది, ఆ వెంటే సూజిన్ ఫోను.

"దీదీ, బచ్చా తో యహీఁ పైదా హోగా. ఉస్కా కాగజ్ నహీఁ లగేగా నా?"

ఇక్కడే పుడుతుంది కదా, బిడ్డకు ఈ కాగితాల గొడవ ఉండదు కదా అని ఆశ. ఉంటుంది. విదేశీయుల బిడ్డ ఇక్కడ పుట్టినా వీసా తీసుకోవాలి. ఆ ఫారంలో, దేశంలోకి ఎప్పుడు, ఏ దారిన ప్రవేశించారో చెప్పాలి.

"నేను చూసుకుంటాను, నువ్వు నిద్రపో," అన్నాను. పొద్దుటి నుంచీ అబద్ధం రాయనని అంత పట్టుబట్టిన నాకు, పూర్తి నిజం ఆ పూట నోట రాలేదు.