మల్లికార్జునరావు గారి సెవెంటీ వన్ మోడల్

అది 2024 వేసవి. రసాలు దిగి, నూజివీడులోకి ఏ దారిన వచ్చినా మామిడికాయల ట్రాక్టరు వెనక నత్తనడకన రావలసిన రోజులు. సరిగ్గా అప్పుడే విజయవాడలోని ఒక పాత కార్ల క్లబ్బు వారికి మా ఊళ్ళో కార్ షో పెట్టాలని బుద్ధి పుట్టింది. కాలేజీ గ్రౌండులో పొద్దున్నంతా కార్లు నిలబెట్టి జనానికి చూపించడం, ఎండ తగ్గాక అవన్నీ వరసగా ఊరు చుట్టి రావడం, ఇదీ కార్యక్రమం. ఊరి మనిషి ఒకడు కావాలని వెతికి వెతికి నన్ను పట్టుకున్నారు.

నేను మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. దెబ్బతిన్న బండి దగ్గరికి వెళ్ళి ఏం విరిగింది, ఎలా విరిగింది, ఓనరు చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చు అని చూసి కంపెనీకి రిపోర్టు రాయడం నా పని. ఇన్నేళ్ళ సర్వీసులో ‘తప్పు నాదే’ అన్న డ్రైవరు నాకింకా తగల్లేదు. అందరికీ కుక్కే అడ్డం వస్తుంది. వాళ్ళు చెప్పేదే నిజమైతే మా చుట్టుపక్కల కుక్కలకు రోడ్డు దాటడం తప్ప వేరే పనే లేదు. అందుచేత మనిషి ఒకటి చెప్పి బండి ఇంకొకటి చెబితే నేను బండి మాటే నమ్ముతాను. ఈ గుణం చూసే క్లబ్బు వాళ్ళు నాకు స్క్రూటినీ అప్పజెప్పారు. షోలోకి రాదగ్గ బండి ఏదో, కానిది ఏదో గేటు దగ్గర కూర్చుని తేల్చడమే స్క్రూటినీ.

రూలు చిన్నదే. 1970 డిసెంబరు ముప్ఫై ఒకటి లోపు తయారైతే క్లాసిక్, లోపలికి రావచ్చు. ఒక్క రోజు దాటినా బయటే. దీన్ని కటాఫ్ అంటారు. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే మొన్న కొన్న కారుకి కూడా మట్టి పూసి తెచ్చేస్తారని క్లబ్బు సెక్రటరీ గారి భయం.

ఆయన భయం ఉత్తినే పోలేదు. రెడ్డిగూడెం నుంచి ఒక రైతు రంగు పోయిన వ్యాను తెచ్చాడు. ఏ సంవత్సరందని అడిగితే రెండువేలు దాటాక కొన్నానన్నాడు. మరి ఎలా తెచ్చావయ్యా అంటే, మామిడి లోడుకి తిరిగిన బండికి ఒక్కో సీజను మూడేళ్ళ లెక్కన కట్టాలట. ఆ లెక్కన తన వ్యాను మా తాత వయసుదట. పాతబడటం వేరు, పాతకాలంది కావడం వేరు అని చెప్పి పంపేసరికి నా గొంతు ఎండిపోయింది. జి. కొండూరు నుంచి వచ్చినాయన జీపుకి స్టీరింగు ఒక్కటే పాతది. స్టీరింగును లోపలికి రానిస్తాను, జీపును బయట పెట్టమన్నాను. ఆయన నిజంగానే స్టీరింగు ఊడదీయబోయాడు.

నాకు నవ్వొచ్చిన సంగతి ఇంకొకటుంది. మన దగ్గర ఎవరూ బండికి ఏళ్ళు కలపరు, తగ్గిస్తారు. డిసెంబరులో కారు చేతికొచ్చినా జనవరి దాకా ఆగి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. అప్పుడది కొత్త సంవత్సరం మోడల్ అవుతుంది. రేపు అమ్మేటప్పుడు ఒక ఏడాది చిన్నదిగా చలామణీ అవుతుంది. ఈ తెలివితేటలు నిన్నా మొన్నా పుట్టినవి కావని ఆ రోజు మల్లికార్జునరావు గారి వల్ల తెలిసింది.

ఆయన మామిడి కమిషన్ వ్యాపారి. ఎనభై దాటిన మనిషి. నూజివీడు బజారులో ఆయన తెల్ల అంబాసిడర్‌ను ఎరగనివాళ్ళు లేరు. వెనక నంబరు ప్లేటు పక్కన ఎర్ర రంగుతో ‘1971 మోడల్’ అని రాయించుకున్నాడు. ఆ రాత ఊరికోసం కాదు, బావమరిది సత్యనారాయణ కోసం. సత్యనారాయణది ముసునూరు. ఆయనకీ అలాంటి అంబాసిడరే ఉంది గానీ అది సెవెంటీ మోడల్. ఏ పెళ్ళిలో రెండు కార్లూ పక్కపక్కన ఆగినా బావగారు నలుగురిలో ‘మా వాడిది కాస్త పాత బండిలే’ అనేవాడు. యాభై ఏళ్ళకు పైగా ఆ ముక్క వినీ వినీ సత్యనారాయణకి చెవులు దిమ్మెక్కాయి.

ఆ ఉదయం మల్లికార్జునరావు గారు ఇస్త్రీ మడత నలగని పంచెతో, పక్క సీట్లో పట్టుచీర కట్టుకున్న భార్య సుశీలమ్మ గారితో గేటు దగ్గరికొచ్చి, తానొక్కడే దిగాడు. సాయంత్రం వరసలో అన్నిటికంటే ముందు నడిచే లీడ్ కారు ఊళ్ళోకెల్లా పాత కారై ఉండాలని సెక్రటరీ ప్రకటించాడు. అది తనదేనని ఆయన బజారంతా చెప్పుకున్నాడు, కటాఫ్ సంగతి చెవిన పడ్డట్టు లేదు. వచ్చే నెల నుంచి స్టీరింగు ముట్టుకోవద్దని కళ్ళ డాక్టరు గట్టిగా చెప్పాడట. చివరిసారి సుశీలమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళో నడపాలన్నది ఆయన కోరిక.

నేను ఆర్సీ చూశాను. తయారీ సంవత్సరం 1971 అని ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే ఎర్ర రంగుతో ఆయనే చాటించుకున్నాడు. ఇది కటాఫ్ దాటిందండీ, లోపలికి రాదు అన్నాను. పెద్దాయన మొహం చూస్తే నాకే జాలేసింది.

అంతలో వెనకే సత్యనారాయణ దిగాడు. సెవెంటీ మోడల్, గేటు తీశాను. ఆయన లోపలికి పోకుండా బావగారి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎర్ర అక్షరాల దగ్గర ఆగి వాటిని గట్టిగా పైకి చదివాడు.

“మా పాత బండికి ఇన్నాళ్ళకి రోజొచ్చింది బావా. కొత్త బండి మీది, బయట నీడ చూసి పెట్టుకోండి” అన్నాడు.

మల్లికార్జునరావు గారు మాట్లాడలేదు. అదే నాకు అనుమానం తెచ్చింది. వ్యాపారంలో మాట పడని మనిషి బావమరిదికి జవాబు చెప్పడేంటి? బానెట్ ఎత్తమన్నాను. ప్రతి బండికీ పుట్టుమచ్చ లాంటిది చాసిస్ నంబర్. ఫ్యాక్టరీలో గుద్దేస్తారు, వరస తప్పదు. ముందు తయారైన దానికి చిన్న నంబరు, తర్వాత దానికి పెద్దది. దానిమీద సన్నని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు కాగితం మీదికి లేచొస్తాయి. దీన్ని మేం పెన్సిల్ ప్రింట్ అంటాం. రెండు అంబాసిడర్లకీ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టాను. రెండుసార్లు కళ్ళు తుడుచుకుని చూశాను.

సెవెంటీ వన్ మోడల్ నంబరు, సెవెంటీ మోడల్ నంబరు కంటే చిన్నది. అంటే బావగారి కారే ముందు పుట్టింది. సత్యనారాయణ కారు డెబ్బైలోనే రోడ్డెక్కింది కాబట్టి, దానికంటే ముందు పుట్టింది డెబ్బై ఒకటిది ఎలా అవుతుంది? కటాఫ్ లోపలిదే. ఊళ్ళోకెల్లా పాతది కూడా. ఈ సంగతి చెప్పేసరికి సత్యనారాయణ నోరు తెరిచి మూయలేదు. పాపం, యాభై ఏళ్ళు పాత బండివాడని మాటలు పడ్డాడు. తీరా పాతదానికి విలువొచ్చిన రోజున ఆయనది కొత్తదని తేలింది.

ఇక పెద్దాయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన ఇంకా నీరుగారిపోయాడు.

ఆర్సీకీ బండికీ పొంతన లేనప్పుడు క్లబ్బు వాళ్ళు ఓనర్ డిక్లరేషన్ అడుగుతారు. బండి తన చేతికి ఎప్పుడొచ్చిందో, రిజిస్ట్రేషన్ దాకా ఎక్కడ ఉందో ఓనరు సొంత చేత్తో రాసివ్వాలి. దాన్ని బండి ముందు బోర్డుకి అంటిస్తారు, జనం చదువుకోవడానికి. కాగితం, పెన్ను ఇచ్చాను. ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని టెంటు వెనక్కి లాక్కెళ్ళాడు.

కారు డెబ్బై డిసెంబరు మొదట్లోనే వచ్చిందట. జనవరి దాకా ఎవరి కంటా పడనీయొద్దని వాళ్ళ నాన్న హుకుం. మామిడికాయలు మగ్గేసే షెడ్డులోకి తోసి, మీద వరిగడ్డి కప్పేశారు. అప్పటికి సుశీలమ్మ గారు తొలిచూలు మనిషి. పురిటికి ముసునూరు పుట్టింటికి వెళ్ళాలి. ఆవిడ నాన్న వచ్చి ఆ నెలలోనే బస్సులో తీసుకెళ్ళాడు. సత్యనారాయణ వాళ్ళ కారు ఇంకా రాలేదు, అది నెలాఖరుకు వచ్చింది. ఈయన బస్టాండు దాకా వెళ్ళి, నిండు మనిషిని ఆ రద్దీలో ఎక్కించి, చెయ్యి ఊపి వచ్చాడు. కారు జనవరిలో వచ్చిందని ఆవిడకి చెప్పాడు. ఇన్నేళ్ళుగా అదే చెబుతున్నాడు.

“ఇప్పుడు ఆ బోర్డు మీద డిసెంబరు అని రాస్తే, మొదట చదివేది మా ఆవిడేనండీ” అన్నాడు.

ఎండకి నా తల మండిపోతోంది, గేటు దగ్గర హారన్లు మోగుతున్నాయి. మీ ఇంటి సంగతులు నాకొద్దండీ, డిక్లరేషన్ లేకుండా గేటు తీసేది లేదు అని కసిరాను. అయితే బండి వెనక్కి తిప్పేస్తానన్నాడు ఆయన. ముందు నడవాలన్న ఆశ, చివరి డ్రైవింగు, అన్నీ వదులుకుని తిప్పేస్తానన్నాడు. తిరిగొచ్చి కారు తలుపు తీయబోతే సుశీలమ్మ గారు అటువైపు నుంచి దిగింది. నెమ్మదిగా నడిచి నా టేబులు దగ్గరికొచ్చింది. కాగితం ఖాళీగా ఉండటం చూసింది.

“డిసెంబరు అని రాయండి. షెడ్డులో గడ్డి కింద ఉందని కూడా రాయండి” అంది భర్తతో.

నేను కుర్చీ జరిపాను, ఆయన కూర్చున్నాడు.

“నీకెలా తెలుసు?”

“గేదెకి గడ్డి తీయడానికి వెళ్ళానండీ. గడ్డిలోంచి హెడ్ లైటు కనపడింది. గేదె కన్నేమో అనుకుని జడుసుకున్నా.”

“మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?”

“మీరే చెబుతారని చూస్తున్నా” అంది ఆవిడ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదేమో, ఆయన తట్టుకునేవాడు.

తర్వాత నాకేసి తిరిగి, బస్సులో ముసునూరు దాకా నిలబడే వెళ్ళానని, ఎవరో తట్ట దించి చోటిస్తే చివర్లో కూర్చున్నానని, అదేదో నేను కూడా రాసుకోవాలన్నట్టు చెప్పింది. సత్యనారాయణ అక్క వెనకే నిలబడి అంతా విన్నాడు. బావని ఏడిపించడానికి ఇంతకంటే మంచి అదను జన్మలో దొరకదు. కానీ ఆయన జేబులోంచి తాళం తీసి, వెళ్ళి బావగారి కారు మీది ఎర్ర అక్షరాలు గీకడం మొదలుపెట్టాడు.

మల్లికార్జునరావు గారు రాశాడు. గడ్డి సంగతి రాశాడు, బస్సు సంగతి కూడా రాశాడు. ఆ రోజు షోలో అందరికంటే ఎక్కువమంది గుమిగూడింది ఆ బోర్డు దగ్గరే. మగవాళ్ళు కారు చూశారు, ఆడవాళ్ళు బోర్డు చదివి ఆయన్ని చూశారు.

సాయంత్రం ఊరేగింపు. లీడ్ కారులో మల్లికార్జునరావు గారు, పక్కన సుశీలమ్మ గారు. రెండో కారు సత్యనారాయణది, అందులో నేను. మా వెనక విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన కార్లు బారుగా. వాళ్ళకి ఊరు కొత్త. లీడ్ కారు ఎటు పోతే అటు పోవాలని సెక్రటరీ అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బస్టాండు సెంటరు చుట్టి గ్రౌండుకి తిరిగి రావాలి, అంతే.

సెంటరు దగ్గర లీడ్ కారు గ్రౌండు వైపు తిరగలేదు. ముసునూరు రోడ్డు పట్టింది.

మీ బావగారు దారి తప్పారు, హారన్ కొట్టండి అన్నాను సత్యనారాయణతో. ఆయన నాకేసి చూడకుండా గేరు మార్చాడు. “తప్పలేదండీ. కాస్త ఆలస్యమైంది” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నా ఫోను మోగడం మొదలైంది, సెక్రటరీ. ఎత్తకుండా జేబులో పెట్టేసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మొత్తం కార్లన్నీ, ఒక్కటీ తప్పకుండా, మామిడి తోటల మధ్య మా వెంట వచ్చేస్తున్నాయి. కాయల ట్రాక్టర్ల వాళ్ళు పక్కకి తప్పుకుని పెళ్ళివారేమోనని చూస్తున్నారు.

ముసునూరులో సుశీలమ్మ గారి పుట్టింటి ముందు కారాగింది. ఇప్పుడా ఇంట్లో ఉండేది సత్యనారాయణే. పెద్దాయన ఇటువైపు దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, భార్యవైపు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ దిగి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ‘కుదుపుల్లేకుండానే తోలారు’ అంది. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ వెనక సత్యనారాయణ ఇంట్లోవాళ్ళకి ముచ్చెమటలు పట్టాయి. అంతమంది అతిథులకి మజ్జిగ ఎక్కడి నుంచి తేవాలి? చివరికి గంపలకొద్దీ రసాలు తెచ్చి అరుగు మీద బోర్లించారు. టోపీ పెట్టుకున్న సెక్రటరీ గారు తిట్టడానికని వచ్చి, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ అరుగు మీద కూర్చున్నారు.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద విద్యేం కాదు. చాసిస్ నంబరు బండి ఎప్పుడు పుట్టిందో చెబుతుంది, దాన్ని ఎందుకు దాచారో చెప్పదు. అంతకుముందు నా సర్వేల్లో డిక్లరేషన్ రాయడానికి ఎవరైనా తటపటాయిస్తే దొంగ లెక్కేదో ఉందని గదమాయించేవాణ్ణి. ఇప్పుడు సర్వేలోనైనా, క్లబ్బు షోలోనైనా గదమాయించను. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ రోజుల్లో ఈ బండి ఎక్కవలసిన వాళ్ళెవరైనా ఎక్కకుండా ఉండిపోయారా అండీ అని అడుగుతాను. చాలామంది వెంటనే పెన్ను కింద పెట్టి, ఒక్క నిమిషం అని చెప్పి, ఇంటికి ఫోను చేస్తారు.