రంగు నిలిచిందని రాశాను

పర్యావరణం మీద ప్రాజెక్టు చేయాలనగానే మా క్లాసులో సగం మంది మొక్కలు నాటుతామన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ మొక్కలు ఫొటో దిగేంతవరకు నిలబడితే చాలని అందరికీ తెలుసు. తొంభైల మధ్య మాట ఇది. ఆర్మూరులో బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాను, నా అంత తెలివైనది ఊళ్లో ఇంకెవరూ లేరని గట్టి నమ్మకం. పసుపుతో బతికే ఊరు కదా, పసుపులో రంగుల కల్తీ మీద చేస్తానని లేచి చెప్పాను. కెమిస్ట్రీ సార్ సంతోషపడ్డాడు. ఫలితం బాగా వస్తే నిజామాబాద్‌లో జిల్లా ప్రదర్శనకు పంపిస్తానన్నాడు. దాంతో నా కళ్లు నెత్తికెక్కాయి.

దుకాణాల నుంచి ఆరు పొట్లాలు తెచ్చాను. సార్ ల్యాబులో తనే దగ్గరుండి పరీక్ష చేశాడు. పసుపు మీద ఘాటు యాసిడ్ చుక్కలు వేసి రంగు చూడాలి, అదీ పని. ఆయన చేస్తుంటే నేను కిటికీ పక్కన కూర్చుని అట్టల మీద శీర్షికలు అందంగా రాసుకుంటున్నాను. ఆరూ మంచివేనని తేల్చాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఊరి పసుపు మంచిదని చెప్పడానికి నన్ను నిజామాబాద్ ఎవరు పిలుస్తారు? నాకు ఒక దొంగ కావాలి.

మా వెనక వాడలో ఒక చిన్నమ్మ ఉండేది. చుట్టం కాదు, పిలుపు మాత్రమే. భర్త పోయాక పసుపు దంచి, జల్లెడ పట్టి, ఇంటింటికీ తిరిగి అమ్ముకుని బతికేది. మా వైపు పెళ్లిళ్లకు ఆమె పసుపే వాడేవాళ్లు. కొమ్ములు ఆమె బయట కొనేది కాదు. బాల్కొండ పక్క పల్లెలో ఆమె తమ్ముడు పసుపు పండించేవాడు. ఏటా పంట ఉడకబెట్టి ఎండబెట్టాక, మార్కెట్ యార్డుకు బండి కట్టకముందే మొదటి బస్తా అక్క కోసం పక్కన పెట్టేవాడు. ఆడబిడ్డ బస్తా తీయకుండా పంట ఇల్లు దాటొద్దని వాళ్ల నాన్న పెట్టిన కట్టుబాటట. ఆ బస్తా బస్సు మీద వేసుకుని తనే తెచ్చి, అక్క చేతి అన్నం తిని పోయేవాడు. చిన్నమ్మకు లోకంలో ఉన్నవి ఆ రెండే, ఆ బస్తా, ఆ తమ్ముడు.

ఒక ఆదివారం మా వాకిట్లో పొదుపు సంఘం ఆడవాళ్లు కూడారు. ల్యాబులో ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్న యాసిడ్ సీసా, రెండు టెస్ట్‌ట్యూబులు పట్టుకుని నేను వాళ్ల మధ్యకు వెళ్లాను. రంగులు కడుపులోకి పోతే ఏమవుతుందో, కాలువలో పడితే బావులు ఎట్లా పాడవుతాయో నోటికొచ్చినంత చెప్పాను. ఎవరి పసుపైనా ఇవ్వండి, చూపిస్తానన్నాను. చిన్నమ్మే లేచింది. ఇంటికి పోయి గుప్పెడు పసుపు తెచ్చి, మా బిడ్డ చదువేందో చూద్దామని నవ్వుకుంటూ నా చేతిలో పోసింది.

యాసిడ్ పడగానే పసుపు గులాబీ రంగుకు తిరిగింది. నా గుండె గంతులేసింది. "కల్తీ" అన్నాను, వాడంతా వినపడేట్టు. చిన్నమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది పాపం, ఆ నవ్వు ఎప్పుడు ఆపాలో తెలియక.

మర్నాడు రికార్డు రాయడానికి పుస్తకం తెరిచాను. పరీక్షలో రెండో మెట్టు ఉంది. అసలు పసుపు కూడా యాసిడ్‌కు గులాబీ రంగు అవుతుంది. అందులో నీళ్లు కలపాలి. మంచి పసుపైతే ఆ రంగు పోతుంది, కల్తీ రంగైతే నిలుస్తుంది. మిగిలిన పసుపు తీసి, యాసిడ్ వేసి, నీళ్లు పోశాను. గులాబీ రంగు చూస్తుండగానే పోయింది. చిన్నమ్మ పసుపు బంగారం లాంటి పసుపు.

అప్పుడే లేచి పోయి చెప్పి ఉండాల్సింది. నాకు సిగ్గు లేక కాదు. సిగ్గు కంటే ప్రదర్శన ఎక్కువైంది. నీళ్లు కలిపి చూశావా అని సార్ అడిగితే, చూశాను సార్ అన్నాను. రికార్డులో గుండ్రటి అక్షరాలతో "రంగు నిలిచింది" అని రాశాను. నిజామాబాద్‌లో నాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది మొక్కలు నాటినవాళ్లకు పోయింది. ఆ బాధకు రెండు రోజులు అన్నం తినలేదు, చిన్నమ్మకు చేసినదానికి కాదు.

ఈలోపు వాడలో ఆమె పసుపు ఎవరి ఇంట్లోనూ లేకుండా పోయింది. ఏళ్ల తరబడి కొన్నవాళ్లే పొట్లాలు తెచ్చి గడప మీద పెట్టిపోయారు. పెళ్లి పసుపుకు చెప్పిన ఇల్లు వద్దని కబురు పంపింది. ఒకరోజు పొద్దున ఆమె మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఇంకోసారి చూడు బిడ్డా జర. దంచింది నేనే, జల్లెడ పట్టింది నేనే. రంగు ఏడికెల్లి వస్తది?"

యాసిడ్ అయిపోయిందని చెప్పాను. సీసా నా వెనక అల్మారాలో సగం నిండుగా ఉంది.

"అంటే కొమ్ములల్లనే ఉన్నదంటవా?"

కొమ్ములంటే తమ్ముడు. ఆమె ఏం అడుగుతోందో నాకు తెలుసు. మళ్లీ పరీక్ష చేయమని నన్ను వేధించకుండా పోతే చాలనిపించింది. "ఉండొచ్చు" అన్నాను.

మార్చిలో తమ్ముడు బస్తా తెచ్చాడు. చిన్నమ్మ అన్నం పెట్టలేదు, అతన్ని నేరుగా మా ఇంటికి పట్టుకొచ్చింది. చదువుకున్న పిల్ల చెప్పింది, అబద్ధమా అని నా ముందే నిలదీసింది. అతను పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. మా ఇంట్లో రంగు డబ్బానే లేదన్నాడు. తర్వాత అక్కను వదిలి నా వైపు తిరిగాడు. "నువ్వే ఒక్కసారి మా చేను కాడికి రా అమ్మా. చూసినంక ఏదంటే గది." పరీక్షలున్నాయి, కుదరదన్నాను. అతను బస్తా ఎత్తుకుని బస్టాండుకు నడిచాడు. చిన్నమ్మ వెనక్కి పిలవలేదు. ఆ ఎండాకాలమే రోలు పక్కన పెట్టి బీడీలు చుట్టడానికి కూర్చుంది.

మరుసటి ఏడు కూడా అతను బస్తాతో వచ్చాడు. ఆమె తలుపు తీయలేదు. ఆ తర్వాతి వానాకాలంలో అతనికి పాము కరిచి, దవాఖానకు పోయేలోపే చచ్చిపోయాడు. కబురు తెచ్చిన మనిషికి చిన్నమ్మ మంచినీళ్లిచ్చి పంపేసింది. మట్టికి పోలేదు. తోడబుట్టినవాడి శవం చూడని రాతిగుండె అని వాడంతా ఆమెను తిట్టింది. నేనూ ఆ మాట విన్నాను, విని ఊరుకున్నాను.

ఇంకో రెండేళ్లకు నాకు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. చేరబోయే ముందు అమ్మ బలవంతం మీద వాడలో పెద్దవాళ్లకు స్వీట్లు పంచుతూ ఆమె ఇంటికీ వెళ్లాను. చిన్నమ్మ చాటలో బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. దగ్గు ఆగడం లేదు. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుని, పక్కన చాప పరిచింది.

"అందరు నన్నే అన్నరు బిడ్డా. తమ్మునికి మన్ను పొయ్యలేదన్నరు. అననియ్యి. నువ్వు ఆనాడు చూపియ్యకపోతే ఊరందరికి నా చేత్తోని విషం పెడుతుంటి. పిల్లలకు గట్లనే మంచి చెప్పు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే, చచ్చిపోయిన తమ్ముణ్ని ఆమె ఏం చేసుకుంటుంది అనుకున్నాను. ఆ సాకు ఎంత తేలిగ్గా దొరికిందో నాకు! ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. నేను తల ఇంకాస్త వంచి దీవెన తీసుకున్నాను.