అమ్మ చేతిల ఎలుక

మొన్న ఎల్లారెడ్డికి పోయే బస్సుల పక్కామె సంచిల నుంచి బీడీలు చుట్టే తునికాకు వాసన గుప్పుమన్నది. నా ఏడేండ్లప్పటి ముచ్చట యాదికొచ్చింది.

అమ్మ బీడీలు చుడుతుంటే ఆమె ముంజేతి తోలు కింద ఏదో ఉరికేది.

“ఏందమ్మా అది?”

“ఎలుక బిడ్డా. అది ఉరికితేనే వేళ్లు ఆడుతయి,” అని నవ్వింది.

నేను నమ్మిన. మధ్యాహ్నం అమ్మ పండుకున్నంక, ఎలుకను పట్టుకుందామని ఆ ముంజేతిని రెండు చేతులతోని గట్టిగ ఒత్తిన. అమ్మ కండ్లు తెరవలే. వేళ్లు మాత్రం వాటంతటవే ముడుచుకున్నయి, బీడీ చుట్టినట్టే! దిగ్గున చేతులు తీసేసిన.

అక్కడి కండరాలు ఒత్తితే ఎవరి వేళ్లయినా ముడుచుకుంటయని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, నిద్రల గూడ అమ్మతోని నేనే పని చేయించిన అనుకున్న. ఆ ముంజేతి దగ్గర నోరు పెట్టి ఎలుకకు మెల్లగ చెప్పిన: “ఇగ నువ్వు గూడ పండుకో.”