పెద్దమ్మకు టీబీ లేదు

మా పక్కింటి పెద్దమ్మ మొన్న పొద్దున పోయింది. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. మా కొత్తగూడ గల్లీలో మాత్రం టీబీతో పోయిందంటున్నారు. పాడె పట్టడానికి కూడా కొందరు వెనకాడారు. వాళ్ల మీద నాకు కోపంగా ఉంది. ఆ పుకారుకు మొదటి కాగితం రాసిచ్చింది నేనే కాబట్టి, నా మీద ఇంకా కోపంగా ఉంది.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పెద్దమ్మ హైటెక్ సిటీ దగ్గర లేస్తున్న ఓ బిల్డింగులో తట్టలు మోసేది. పనికి పోతూ మా గుమ్మం ముందు ఆగి, "ఏంది సూదిపిల్లా, ఇయ్యాల ఎవల నెత్తురు తాగుతవ్?" అని ఆటపట్టించేది. నాకు జ్వరమొస్తే జొన్న గటక చేసి తెచ్చింది ఆమే. ఎప్పుడు మాట్లాడినా కొంగు నోటికడ్డం ఉండేది. అత్తగారింట అలవాటైన మర్యాద అనుకున్నాను.

ఒకసారి నీరసంగా ఉందంటే మేస్త్రీ పరీక్షకు పంపాడు. ఇ.ఎస్.ఆర్. చాలా ఎక్కువొచ్చింది, సి.ఆర్.పి. పాజిటివ్. ఒంట్లో వాపుందని రక్తం చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. మేస్త్రీ ఆ కాగితాన్నీ, నోటికడ్డమున్న కొంగునూ కలిపి చూసి టీబీ అని తేల్చాడు. డాక్టరు తీయించిన ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా వినలేదు. పని పోయింది.

"పని జేసేటోళ్లకు రోగం రావొద్దు బిడ్డా. వచ్చినా చెప్పొద్దు" అంది పెద్దమ్మ.

ఆమె నోరు తెరిపించి చూడాలని డాక్టరుకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఒకరోజు మా ఇంట్లో జామకాయ కొరికింది. తెల్లటి గుజ్జు మీద నెత్తురు. అడిగితే తల దించుకుంది.

"చిగుళ్లు చీము పట్టి యాడాదాయె. కంపుగొడ్తదని కొంగు పెట్టుకుంట. గిది గూడ దవాఖానల చెప్పాల్నా?"

పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన నాలుగు పళ్లు తీసి, చిగుళ్లు శుభ్రం చేసి మందులిచ్చాడు. రెండు నెలల తర్వాత పరీక్ష చేస్తే ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. రెండూ మామూలుకొచ్చాయి. నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఏ రిపోర్టూ రాయలేదు.

ఇద్దరం బిల్డింగు గేటు దగ్గరకు వెళ్లాం. పెద్దమ్మ కొంగు తీసేసి మాట్లాడింది.

"నాకేం టీబీ లేదు మేస్త్రీ. గిండ్ల రాసుంది, జర చూడు."

అతను కాగితం మడత కూడా విప్పలేదు. "నీ జాగల వేరేటామె వచ్చింది. ఇగ పో."

నేను గొడవకు దిగబోతే పెద్దమ్మ చేయి పట్టి ఆపింది. లారీ నుంచి జారిన ఇటుకలు నాలుగు గేటు ముందు దారికడ్డంగా పడి ఉన్నాయి. వంగి ఒక్కొక్కటే ఏరి, పక్కనున్న కుప్ప మీద వరసగా పేర్చి, చేతులు దులుపుకుని నడిచింది.