తాడు పట్టిన చెయ్యి

ఝాన్సీకి ఇచ్చిన మొదటి నోటీసు టైపు చేసింది నేనే. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

రెండు వేల పదిహేను నాటి మాట. చేపలు దాచే ఐసు గదులకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ మాది, అందులో నేను గుమాస్తాని. శ్రీకాకుళం ఆఫీసులో ఝాన్సీ రాసిన ప్రోగ్రాం గదిలో చల్లదనం కొలుస్తుంది. విజయనగరం ఆఫీసులో యుగంధర్ రాసింది ఆ అంకెలు అందుకుని, గది వేడెక్కితే ఫోన్లు మోగిస్తుంది. ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదు. అది యజమాని గోవిందరావు గారి శాసనం.

"పక్క కొట్టోడికి మన బీరువా తాళం ఇస్తామా?" అనేవారు. ఆ పక్క కొట్టు కూడా తమదేనని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి!

ఝాన్సీది శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరు. చేపలమ్మే గున్నమ్మ కూతురు, ఎచ్చెర్లలో ఎంసీఏ చదివింది. వాళ్ల ఊళ్లో ఒడ్డు నుంచి అలివి వల లాగేటప్పుడు తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటుంది. దారిన పోయేవాడు పట్టినా గుప్పెడు చేపలు పెట్టి పంపుతారు. తాడు ఎక్కడైనా నలిగితే చూసినవాడు కేకెయ్యాలి. వల ఎవరిదని అప్పుడు ఎవరూ అడగరు.

కంపెనీ కూడా అంతే అనుకుంది పిచ్చిపిల్ల. కరెంటు పోయి వచ్చాక ఫోన్లు మోగడం లేదని కనిపెట్టి, యుగంధర్ దగ్గర్నుంచి కోడ్ తెప్పించుకుని, ఒక్క పూటలో సరిచేసింది. ఫోన్లు మోగాయి. మర్నాడే నోటీసు. అనుమతి లేకుండా పక్క ఆఫీసు కోడ్ ముట్టుకున్నందుకు క్షమాపణ రాసివ్వాలట! దొంగ దొరికినట్టు అందరి ముందూ నిలబెట్టి సంతకం పెట్టించారు. ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టింది. నేను తల దించుకుని కాగితం ఫైల్లో పెట్టాను.

ఆరు నెలలు గడిచాయి. వాళ్ల ఊరి ఆడవాళ్ల సంఘం ఐసు గదిలో చల్లదనం కొలిచే తీగని ఎలకలు ఎప్పుడో కొరికేశాయి. ఇప్పుడు గదిని చల్లబరిచే మిషను కూడా ఆగిపోయింది. తీగ తెగినప్పటి నుంచీ ఝాన్సీ ప్రోగ్రాం పాత అంకెనే మళ్లీ మళ్లీ పంపుతోంది. గది ఉడికిపోతున్నా యుగంధర్ ప్రోగ్రాముకి చల్లగానే ఉన్నట్టు లెక్క. ఒక్క ఫోనూ మోగలేదు. వంజరాలు, చందువాలు, గున్నమ్మ దాచిన రెండు బుట్టలతో సహా అన్నీ కుళ్లిపోయాయి. గొయ్యి తవ్వి పూడ్చారు.

ఝాన్సీ తన తప్పేనని తెలుసుకుని, నా ఎదురుగానే యుగంధర్‌కి ఫోను చేసింది.

"తెలుసక్కా," అన్నాడు వాడు. "ఒకే అంకె పదేపదే వస్తన్నాదని రెండు నెలల ముందే సూసినాను."

"సూసి, మరేటి సెప్పలేదురా?"

"నీకిచ్చిన కాగితం నాకూ ఇస్తారని."

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు. వాడి నోరు నొక్కింది నేను టైపు చేసిన నోటీసే కదా!

ఆ సాయంత్రమే ఝాన్సీ రెండు ఆఫీసుల్లో అందరికీ తన కోడంతా పంపేసింది. పైన రెండే మాటలు: "తప్పు చేసింది ఝాన్సీ. పట్టుకున్నది యుగంధర్."

గోవిందరావు గారు చిందులు తొక్కారు. పోయిన చేపల ఊసు లేదు. "ఇంటి గుట్టు రోడ్డున పెట్టింది! రెండో నోటీసు కొట్టండి," అన్నారు నాతో.

కొట్టాను. మా ఇంట్లో పెళ్లీడు కూతురు ఉందని, ఇంకో చోట ఉద్యోగం ఎవరిస్తారని నాకు నేనే సర్దిచెప్పుకుని, అక్షరం తప్పు లేకుండా కొట్టాను.

ఝాన్సీ నిలబడే చదివింది. పెన్ను అందించాను. తీసుకోలేదు.

"బాబాయ్, ఆ గొయ్యి మా యమ్మే తవ్వింది," అంది. "నేను ఆ రోజు సంతకం పెట్టకపోతే యుగంధర్ సెప్పుండేవోడు. నువ్వు ఆ రోజు టైపు సెయ్యకపోతే నేను పెట్టుండేదాన్ని కాదు. మళ్లీ కొట్టి తెచ్చినావా?"

కాగితం నా బల్ల మీద పెట్టి బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. పెన్ను నా చేతిలోనే ఉండిపోయింది.